బోరు నీళ్ల ఇంట్లో సోలార్ వాటర్ హీటర్: మా ధర్మవరం అనుభవం

నమస్కారమండి. అనంతపురంలో సొంత ఇల్లు, ఇంట్లో అయిదుగురు, రెండు గీజర్లు ఉన్నాయని, వాటిని మాన్పించి సోలార్ హీటరు పెట్టుకుంటే రాగి పలకల రకం మంచిదా గాజు గొట్టాల రకం మంచిదా అని, లేకపోతే మిద్దె మీద కరెంటు ప్యానెళ్లు వేయించుకుని గీజర్లనే కొనసాగించాలా అని మీరు అడిగారు. మాది ధర్మవరం. గత పన్నెండేళ్లలో ఈ మూడు పద్ధతులనూ మా ఇంట్లోనే వాడి చూశాను, వాటిలో ఒకదానితో గట్టిగా నష్టపోయాను కూడా. కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మన ప్రాంతంలో ఎండకు కొరత లేదు. అందుకే ఎండను చూసి హీటరు ఎంచుకోవలసిన అవసరం మనకు లేదు, మీ బోరు నీళ్లను చూసి ఎంచుకోవాలి. అమ్మేవారు మీ మిద్దె వైశాల్యం అడుగుతారు, ఇంట్లో ఎంతమంది అని అడుగుతారు, నీళ్ల సంగతి మాత్రం అడగరు. 2012లో మమ్మల్నీ ఎవరూ అడగలేదు, అడగాలని మాకూ తెలియలేదు.

అప్పుడు మేము 200 లీటర్ల రాగి పలకల హీటరు పెట్టించుకున్నాము. నల్లని రాగి పలక, దాని వెనుక చిటికెన వేలు లావు రాగి గొట్టాలు, పైన గట్టి గాజు అద్దం, ఆపైన ట్యాంకు. పలకలో వేడెక్కిన నీరు తేలికై దానంతట అదే ట్యాంకులోకి ఎక్కుతుంది, ట్యాంకు అడుగున ఉన్న చల్లని నీరు పలకలోకి దిగుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. మొదటి రెండు చలికాలాలు గీజరు మీట ముట్టుకోలేదంటే నమ్మండి. మూడో ఏడు నీళ్లు గోరువెచ్చగా రావడం మొదలైంది, నాలుగో ఏడు అదీ లేదు. మాకు అమ్మిన సంస్థవారు మొదట మబ్బులన్నారు, తర్వాత అద్దం మీద దుమ్మన్నారు. చివరికి ఊళ్లోని ఒక ప్లంబరు పలక పైకొస బిగింపు విప్పి నన్ను మిద్దె మీదికి పిలిచాడు. చిటికెన వేలు పట్టవలసిన గొట్టంలో అగరబత్తి పుల్ల దూరేటంత రంధ్రమే మిగిలి ఉంది. మిగతాదంతా తెల్లని పెంకు, గోటితో గీకితే సున్నంలా రాలుతున్నది. ఆసిడ్ పోసి కడిగించాము. పెంకుతో పాటు రాగి కూడా తినేసినట్లుంది, ఆరు నెలల్లోనే రెండు చోట్ల కారడం మొదలై, ఆ పలకలను పాత సామానుకు వేయవలసి వచ్చింది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, బోరు నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడి తగలగానే విడిపోయి, కరగని కాల్షియం కార్బొనేటుగా మారి, ఎక్కడ వేడి ఎక్కువగా ఉంటుందో అక్కడే పేరుకుంటుంది. నీరు 60 డిగ్రీలు దాటిన కొద్దీ ఈ పేరుకోవడం జోరందుకుంటుంది. తాగునీటి కాఠిన్యతకు, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదుకు, భారత ప్రమాణాల సంస్థ సూచించిన హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. నేను ఆలస్యంగా పరీక్ష చేయిస్తే మా బోరుది 640 వచ్చింది. బెంగళూరులో మా బావమరిది ఇంట్లో కావేరి నీళ్లు వస్తాయి, వాళ్ల రాగి పలకల హీటరు పదకొండేళ్లుగా ఒక్క మరమ్మతు లేకుండా నడుస్తున్నది. హీటరు రకం ఒకటే, ఎండ మాకే ఎక్కువ, తేడా అంతా నీళ్లలోనే ఉంది. కాబట్టి ఏ దుకాణానికీ వెళ్లక ముందే ఒక సీసాడు నీళ్లు పట్టుకెళ్లి గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో గాని, ఏదైనా ప్రైవేటు ల్యాబులో గాని కాఠిన్యత, మొత్తం లవణాలు చూపించండి.

2016లో గాజు గొట్టాల రకానికి మారాము. ఇందులో ఒక్కొక్క గొట్టమూ రెండు పొరల గాజు, మధ్యలో గాలి తీసేసి ఉంటుంది, మన టీ ఫ్లాస్కు లాగానే. లోపలి గాజు మీద వేసిన నల్లని పూత ఎండను పీల్చుకుంటుంది, మధ్యలో గాలి లేదు కాబట్టి ఆ వేడి బయటికి పోదు. పుష్యమాసపు చలిగాలిలో కూడా నీళ్లు బాగా కాగడానికి కారణం ఇదే. మనకు అంతకన్నా ముఖ్యమైనది ఏమిటంటే, గొట్టం లోపలి వెడల్పు మూడు నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల దాకా ఉంటుంది గనుక పెంకు కట్టినా దారి మూసుకుపోదు. పెంకులు రాలి గొట్టం అడుగుకు చేరతాయి. ఏడాదికి ఒకసారి, దసరా వెళ్లాక చలి మొదలయ్యే ముందు, గొట్టాలు తీసి బోర్లించి కడిగితే సరిపోతుంది. మొదటిసారి కడిగినప్పుడు ఒక్కొక్క గొట్టం నుంచి గుప్పెడేసి తెల్లని పొడి వచ్చింది. ఆ పొడి రాగి గొట్టాల్లో చేరి ఉంటే ఏమయ్యేదో మళ్లీ చెప్పనక్కరలేదు.

ఆ గొట్టాల విషయంలో రెండు మాటలు గుర్తుంచుకోవాలి. ఎండలో ఖాళీగా ఉన్న గొట్టంలో చల్లని నీళ్లు పడితే అది పగిలిపోతుంది. 2019లో ట్యాంకు కడిగించి మిట్టమధ్యాహ్నం వాల్వు తిప్పిన పాపానికి మూడు గొట్టాలు ఒకదాని వెనుక ఒకటి పగిలిపోయాయి. నింపడమన్నది సూర్యోదయానికి ముందు గాని, పొద్దు గుంకి గొట్టాలు చల్లారిన తర్వాత గాని చేయాలి, ఆ రోజు పనివాళ్లు ఎంత తొందరపెట్టినా సరే. రెండవది, గొట్టం అడుగు కొసన అద్దంలా మెరిసే వెండి రంగు పూత ఉంటుంది. లోపలి శూన్యం పోయిన గొట్టంలో ఆ మెరుపు పోయి పాలలా తెల్లబడుతుంది. అటువంటి గొట్టం పగలకపోయినా పనికిరాదు, మార్చేయాలి. కొత్త హీటరు దించేటప్పుడే గొట్టాల అడుగులన్నీ ఒకసారి చూసి తీసుకోండి. మీ వీధిలో కోతుల బెడద ఉంటే పైన ఇనుప వల వేయించడం తప్పదు.

ఎన్ని లీటర్లది తీసుకోవాలన్న దానికి మా ఇంటి లెక్క ఇది. స్నానానికి నీళ్లు 40 డిగ్రీలుంటే చాలు. ట్యాంకులో నీరు 60 డిగ్రీలు, కుళాయి నీరు 25 డిగ్రీలు అనుకుంటే, 20 లీటర్ల బకెట్‌లో వేడి నీళ్లు తొమ్మిది లీటర్లకు లోపే పడతాయి, మిగతాది చన్నీళ్లే. అయిదుగురికి తలా రెండు బకెట్ల చొప్పున 90 లీటర్లు కూడా కాదు. 150 లీటర్లది మామూలు రోజుల్లో మీకు ధారాళంగా సరిపోతుంది. అయితే దీపావళికో సంక్రాంతికో ఇంటిల్లిపాదీ తలంటు పోసుకునే రోజున, పైగా ఆడబిడ్డలు పిల్లలతో పుట్టింటికి వచ్చి ఉంటే, అది చాలదు. ఆ నాలుగు రోజుల కోసం 300 లీటర్లది కొనవద్దు. మీకున్న గీజర్లలో ఒకదాన్ని తీసేయకుండా ఉంచుకోండి, వరుసగా మబ్బు పట్టిన రోజులకూ అదే అక్కరకు వస్తుంది. సోలార్ ట్యాంకులోనే కరెంటు కాయిల్ పెట్టించుకోమంటారు, నేను వద్దంటాను, ఎందుకంటే ఒక్క బకెట్ కోసం ట్యాంకంతా కాచవలసి వస్తుంది.

ఇక కరెంటు ఆదా. రోజుకు పది బకెట్లు అంటే 200 లీటర్ల నీటిని 15 డిగ్రీలు పెంచడం, అంటే 3,000 కిలోక్యాలరీలు. ఒక యూనిట్ కరెంటు 860 కిలోక్యాలరీలు గనుక మూడున్నర యూనిట్లు, గీజరు ఊరకే చల్లారే నష్టం కలిపితే నాలుగు. నెలకు 120 యూనిట్లన్నమాట. ఇవి మీ బిల్లులో చివరి శ్లాబులో నుంచి తగ్గే యూనిట్లు, అంటే అన్నింటికన్నా ఖరీదైనవి. కాని పన్నెండు నెలలతో గుణించకండి. ఏప్రిల్, మే నెలల్లో మన ట్యాంకులో చన్నీళ్లే ఒళ్లు చురుక్కుమనేలా వస్తాయి, అప్పుడు వేడి నీళ్లు ఎవరికి కావాలి? మా వాడకం ఏడెనిమిది నెలలే. అమ్మేవారి కాగితంలో పన్నెండు నెలల ఆదా వేసి ఉంటే, దానిలో మూడోవంతు తీసేసి చూసుకోండి.

ఎండాకాలంలో హీటరు ఊరకే ఉండదు. వాడకం లేక నీళ్లు మరిగి గాలి గొట్టంలో నుంచి ఆవిరి తన్నుకొస్తుంది, ఆ మరుగుడుకే పెంకు ఎక్కువగా కడుతుంది. మేము ఉగాది వెళ్లగానే సగం గొట్టాల మీద గోనె పట్టాలు కప్పి తాళ్లతో కట్టేస్తాము, మళ్లీ వానలు మొదలయ్యాక తీస్తాము. ఈ చిన్న పని మొదలుపెట్టాక గొట్టాల్లో పొడి బాగా తగ్గింది.

పైపుల విషయం చాలామంది ప్లంబరుకు వదిలేస్తారు. నేనూ వదిలేశాను. మా నాన్నగారికి తెల్లవారి అయిదు గంటలకే స్నానం. ఆయన స్నానాల గది హీటరుకు 18 మీటర్ల దూరంలో ఉంది, ప్లంబరు ముప్పావు అంగుళం పైపు వేశాడు. ఆ పైపులో నిండి ఉండే నాలుగున్నర లీటర్ల చల్లారిన నీళ్లు పోతేగాని వేడి నీళ్లు రావు. మా వంటి నీటి కరువు ఊళ్లో, అందులోనూ ఎనభై ఏళ్లకు దగ్గరపడ్డ మనిషి చలిలో నిలబడి ఆ నీళ్లు పోనివ్వడం నాకు ఎంతో బాధ కలిగించింది. తర్వాత ఆ ఒక్క గదికి విడిగా అర అంగుళం పైపు వేయించి, పైన నల్లని రబ్బరు తొడుగు తొడిగించాము. ఇప్పుడు రెండు లీటర్ల పైచిలుకుతో సరిపోతుంది, అవి కూడా ఒక బకెట్‌లో పట్టి చన్నీళ్లుగా వాడుకుంటాము. మీరు హీటరును మిద్దె మీద ఎక్కడో ఎండ బాగా ఉందని పెట్టించకుండా, తెల్లవారుజామున మొదట స్నానం చేసేవారి గదికి నేరుగా పైన వచ్చేలా పెట్టించండి. మన దగ్గర మిద్దె మీద ఏ మూలనైనా ఎండ ఉంటుంది.

వేడి నీటి పైపు సీపీవీసీదే కావాలి, మామూలు పీవీసీ మెత్తబడి వంగిపోతుంది. చన్నీళ్ల ట్యాంకు అడుగు సోలార్ ట్యాంకు పైభాగం కన్నా ఎత్తులో ఉండాలి. చాలా ఇళ్లలో ఉండదు, అప్పుడు దిమ్మె కట్టించవలసి వస్తుంది, ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి. గాలి గొట్టం ఉండే మామూలు హీటరుకు ప్రెషర్ పంపు కలపకూడదు. గొట్టాలు దక్షిణం వైపు తిరిగి, చలికాలపు ఏటవాలు ఎండకు అనువుగా కాస్త నిటారుగా ఉండాలి. ఈ నీళ్లు వంటకు, తాగడానికి వాడకండి.

రాగి పలకల్లోనే హీట్ ఎక్స్చేంజర్ ఉన్న రకం ఒకటి ఉంది. పలకల్లో మంచి నీరు మాత్రమే విడిగా తిరుగుతూ, ట్యాంకులోని బోరు నీటికి వేడిని అందిస్తుంది. పలకలు మూసుకుపోవు, గాజు గొట్టాల్లా పగిలే భయమూ తక్కువ, కాని ఖరీదు ఎక్కువ. మన బడ్జెట్ ఇళ్లకు గాజు గొట్టాలే నయమని నా అభిప్రాయం. హీట్ పంపు అనే కరెంటు యంత్రం కూడా ఉంది. గాలిలోని వేడిని తీసుకుని, ఒక యూనిట్‌తో దాదాపు మూడు యూనిట్ల పని చేస్తుంది. చెడిపోతే బాగుచేసేవాడు మా ఊళ్లో లేడు కాబట్టి నేను దాని జోలికి పోలేదు.

మీరు అడిగిన ప్యానెళ్ల సంగతికి వస్తే, 2024లో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం వచ్చాక నేను 3 కిలోవాట్లు వేయించాను, 78,000 రూపాయల రాయితీ వచ్చింది. సగటున రోజుకు 12 యూనిట్ల దాకా వస్తున్నాయి. వేడి నీళ్లు అక్కరలేని ఎండాకాలంలో ఆ కరెంటు కూలర్లకు, ఫ్రిజ్‌కు పనికొస్తుంది, సోలార్ హీటరుకు ఆ వీలు లేదు. నెట్ మీటరు ఉంటే తెల్లవారుజామున గీజరు వాడిన యూనిట్లు పగలు ప్యానెళ్లు పంపిన వాటిలో సర్దుబాటవుతాయి. గీజరు కాయిల్ మీద కూడా పెంకు కడుతుంది, కాని కాయిల్ మార్చడం కొన్ని వందల రూపాయల పని.

అందుచేత నా సలహా ఇది. మీ నీటి కాఠిన్యత 200కు అటూ ఇటూ ఉంటే ఏ రకమైనా నడుస్తుంది, దగ్గర్లో మంచి సర్వీసు ఉన్నవారి దగ్గర కొనండి. 300 నుంచి 600 మధ్య ఉంటే గాజు గొట్టాలు 150 లీటర్లవి తీసుకుని, ఏటా కడగడానికి సిద్ధపడండి. 600 దాటి, మిద్దె మీద చోటు ఉండి, చేతిలో కాస్త డబ్బు ఉంటే హీటరు మానేసి ప్యానెళ్లు వేయించుకుని గీజర్లనే ఉంచుకోండి. ఈ రోజు మళ్లీ మొదటి నుంచి ఇల్లు కట్టుకుంటే నేను చేసే పని ఇదే. పాత గొట్టాల హీటరు ఇంకా నడుస్తున్నది గనుక దాన్ని తీసేయలేదు.

నీటి పరీక్ష ఫలితం వచ్చాక ఆ అంకె, మీ చన్నీళ్ల ట్యాంకు మిద్దె నుంచి ఎన్ని అడుగుల ఎత్తులో ఉందో, స్నానాల గదులు ఏ దిక్కున ఉన్నాయో ఇక్కడే రాయండి. ఏ మూల పెట్టించాలో, దిమ్మె అవసరమవుతుందో లేదో చూసి చెబుతాను.