స్కైలైన్ ఇంజన్ 2,600 సీసీనా, 4,500 సీసీనా?

తమ్ముడూ, మీ ఆటోనగర్ మెకానిక్ గారు చెప్పిన 2,600 నిజమే, కాలేజీ ఎగ్జిబిషన్ చార్టు కోసం నువ్వు రాసుకున్న 4,500 కూడా నిజమే. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ (ఆర్32) కారు ఇంజన్ అసలు కొలత 2,568 సీసీ. అయితే గ్రూప్ ఏ రేసుల్లో (మార్కెట్లో అమ్మే కార్లను రేసుకు మార్చి నడిపే తరగతి) టర్బో ఇంజన్ కొలతను 1.7తో హెచ్చవేసి తరగతి తేల్చేవాళ్లు. లెక్క కట్టి చూడు, దాదాపు 4,366 వస్తుంది. అందుకే 4,500 సీసీ లోపు తరగతిలో పడింది. ఆ గీత దాటకుండా చూసుకునే ఇంజన్ కట్టారు. రూల్ పుస్తకం పక్కన పెట్టుకుని చేసిన పని అంటే ఇదీ!

పైగా నాలుగు చక్రాలకూ పవర్. ఆస్ట్రేలియాలో బాథర్స్ట్ రేసు 1991లో గెలిచింది, అదనపు బరువు మోపినా 1992లోనూ గెలిచింది. అక్కడి ఫోర్డ్, హోల్డెన్ (ఆస్ట్రేలియా కార్ల కంపెనీ) అభిమానులు మండిపడ్డారు. 1993లో 5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) నిబంధనలు వచ్చాక ప్రధాన తరగతిలో దానికి చోటే లేకుండా పోయింది. పేరు పెట్టి నిషేధించారని మాత్రం రాయకు.

చార్టులో 2,568, 4,366 పక్కపక్కన వేసి, మధ్యలో ×1.7 పెద్దగా రాయి; 4,500 తరగతి హద్దు అని కింద రాయి.