టోక్యోలో వీల్‌చైర్‌లో ఒంటరిగా తిరగొచ్చా?

వచ్చే నెల టోక్యో వెళ్తున్నారట, వీల్‌చైర్‌లో ఒక్కరే తిరగొచ్చా అని మీ ప్రశ్న. తిరగొచ్చు. నేను వీల్‌చైర్‌లోనే మూడేళ్లు అక్కడ ఉద్యోగం చేశాను. కాకపోతే రైలెక్కాక మనసు మార్చుకోకూడదు.

స్టేషన్ గేటు దగ్గర ఉద్యోగి ఎక్కడ దిగుతారని అడుగుతాడు. ఆ స్టేషన్‌కి ఫోన్ చేసి మీ రైలు, బోగీ, తలుపు చెప్పేస్తాడు. మడత ర్యాంపు చంకన పెట్టుకొచ్చి ఎక్కిస్తాడు. దిగేచోట సరిగ్గా ఆ తలుపు ముందే ఇంకొకాయన ర్యాంపుతో రెడీ. మొదటి వారమంతా పెళ్లికొడుకులా ఫీలయ్యాను.

ఒక శనివారం ఉయెనో పార్కుకి బయల్దేరా. దారిలో ఫ్రెండ్ మెసేజ్: "ఇక్కడ దిగెయ్ రా, భోంచేద్దాం." ఉయెనోకి రెండు స్టేషన్ల ముందు. తలుపు తెరుచుకుంది. రైలుకీ ప్లాట్‌ఫారానికీ నాలుగు వేళ్ల ఎత్తు తేడా, మధ్యలో సందు, అంతే. వాడు బయట నుంచి చెయ్యి ఊపాడు, నేను లోపల నుంచి ఊపాను. వాడు పరిగెత్తుకొచ్చేలోపే తలుపు మూసుకుంది. ఉయెనోలో ర్యాంపాయన వంగి నమస్కారం పెట్టాడు. ఆయనతో "మళ్లీ వెనక్కి పంపండి" అనడానికి నోరు రాలేదు. పార్కులో గంటసేపు ఊరికే చక్కర్లు కొట్టి, అప్పుడు అడిగాను. వాడు అప్పటికే తినేశాడు.

అందుకే ర్యాంపులు చూసి మురిసిపోయేవాళ్లంటే నాకు చిరాకు. కొన్ని ప్లాట్‌ఫారాల్లో అంచు ఎత్తు చేసి, సందుకి రబ్బరు పట్టీ వేశారు. అక్కడ నా అంతట నేనే దిగిపోతాను. అదీ పని అంటే.

వృద్ధులు, వికలాంగులు అడ్డంకుల్లేకుండా తిరగడానికి జపాన్ తెచ్చిన 2006 బ్యారియర్-ఫ్రీ చట్టం పుణ్యమా అని లిఫ్టులు దాదాపు అన్నిచోట్లా ఉన్నాయి. కానీ షింజుకు లాంటి స్టేషన్‌కి 200కు పైగా బయటి దారులు, మీకు కావాల్సిన దారికి లిఫ్టు ఉండదు. ఉన్న లిఫ్టు ముందు సూట్‌కేసుల క్యూ. కాళ్లు బాగున్నవాళ్లు పక్కనే ఎస్కలేటర్ పెట్టుకుని అందులో దూరతారు. ఒకసారి నాలుగో ట్రిప్పుకి గానీ నాకు చోటు దొరకలేదు. ఇక నేలమీద పరిచిన పసుపు గడ్డల పలకలు. చూపులేనివాళ్ల కోసం 1967లో ఒకయామా నగరంలో మొదలుపెట్టారు, వాటిని తప్పు పట్టను. నా నడుం మాత్రం పడుతుంది.

నా మాట వినండి, టైమ్ ఉంటే బస్సెక్కండి. డ్రైవరే దిగొచ్చి ర్యాంపు వేస్తాడు. ఎక్కడ దిగుతారని ఆయనా అడుగుతాడనుకోండి, కానీ ముందే దిగాలనిపిస్తే వీల్‌చైర్ పెట్టే చోట చేతికందే ఎత్తులో బటన్ ఉంటుంది.