పాఠకుల ప్రశ్నలు: రిమోట్ కారు అడుగుభాగం అరగకుండా ఏం చేయాలి?

ప్రశ్న (హనుమకొండ నుంచి ఒక పాఠకుడు): నా దగ్గర 1/10 సైజు (అసలు బండిలో పదో వంతు) ఆఫ్‌రోడ్ బగ్గీ ఉంది. దాని చాసిస్, అంటే అడుగు పలక, అల్యూమినియం ప్లేటు. ఊరి బయట వెంచర్లలో వేసిన మొరం రోడ్ల మీద నడుపుతుంటాను. కొద్ది వారాల్లోనే అడుగున నల్ల రంగు పోయి తెల్లటి గీతలు తేలాయి. ఒక మిత్రుడు స్టీలు రేకు బిగించమంటున్నాడు, మరొకరు టేపు అంటిస్తే చాలంటున్నారు. ఏది మంచిది?

జవాబు: ముందుగా మీ కారు ఏ నేల మీద తిరుగుతున్నదో చూడాలి. వరంగల్ కోటలోని ఏకశిల గుట్ట మొదలుకొని హనుమకొండ పద్మాక్షి గుట్ట దాకా మన చుట్టూ ఉన్నదంతా గ్రానైట్ జాతి రాయే. ఆ రాయి ఎండకూ వానకూ శిథిలమైనప్పుడు అందులోని ఫెల్స్‌పార్ మెల్లగా మట్టిగా మారిపోతుంది, క్వార్ట్జ్ మాత్రం చెక్కుచెదరకుండా పలుకులుగా మిగిలిపోతుంది. మొరంలో కరకరలాడేవి ఆ పలుకులే. మోస్ కాఠిన్య మానంలో క్వార్ట్జ్ స్థానం 7 కాగా, అల్యూమినియం 3 లోపే. మీ చాసిస్ మీది నల్ల రంగు అనోడైజింగ్ పూత, అంటే కరెంటు సాయంతో అల్యూమినియం మీద ఏర్పరచిన ఆక్సైడ్ పొర. అది గట్టిదే అయినా మైక్రాన్లలో కొలిచేంత పలుచన, పైగా దాని కింది లోహం మెత్తన. అందుకే ఆ రంగు మన నేల మీద ఎక్కువ కాలం నిలవదు.

అయితే ఆ గీతలను చూసి మీరు ఆందోళన చెందనవసరం లేదు. రంగు పోయినంత మాత్రాన ప్లేటు బలం తగ్గదు. అసలు నష్టం స్క్రూల దగ్గర జరుగుతుంది. మీ కారును బోర్లించి, వెలుతురులో ఒక్కొక్క స్క్రూ తలను పరిశీలించండి. ప్లేటుతో సమానంగా కూర్చునే ఈ కౌంటర్‌సంక్ స్క్రూలు ఎక్కువగా 3 మిల్లీమీటర్లవి, వాటికి 2 మిల్లీమీటర్ల అలెన్ కీ పడుతుంది. తల అరిగినకొద్దీ ఆరు పలకల గుంత లోతు తగ్గుతుంది, ఉన్న కాస్త గుంతలో ఎర్రమట్టి గట్టిగా కూరుకుపోతుంది. ఆ మట్టి తీయకుండా కీ పెట్టి తిప్పితే అది సగం లోతులోనే పట్టుకొని, అంచులను గుండ్రంగా కోసేస్తుంది. ఆ తర్వాత డిఫరెన్షియల్ (రెండు చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) విప్పాలంటే స్క్రూ తలను డ్రిల్లుతో తొలిచేయాల్సి రావచ్చు. కాబట్టి మీరు ఏ రక్షణ ఎంచుకున్నా అది స్క్రూలను కాపాడుతున్నదా లేదా అన్నదే మొదటి పరీక్ష. కీ పెట్టే ముందు పిన్నీసుతో గుంతలోని మట్టిని గీకి తీయడం ఎప్పుడూ మరవకండి.

స్టీలు రేకు వద్దని నా గట్టి అభిప్రాయం. 30 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, ఒక మిల్లీమీటరు మందం గల స్టెయిన్‌లెస్ స్టీలు రేకు దాదాపు 240 గ్రాములు తూగుతుంది. రెండు కిలోలకు అటూ ఇటూగా ఉండే బగ్గీకి అది పెద్ద భారం. ఆ భారంతో కారు మరింత కిందికి దిగి, నేలకు మరింతగా తగులుతుంది. అదే కొలతలో 0.2 మిల్లీమీటర్ల పాలీయురేథేన్ ఫిల్మ్ ఏడెనిమిది గ్రాములకు మించదు. కార్ల పెయింటు గీసుకుపోకుండా అంటించే పారదర్శకమైన పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) ఇదే. నంబరు ప్లేట్లు, రేడియం స్టిక్కర్లు వేసే దుకాణాల్లో గానీ, కార్ల డెకరేషన్ షాపుల్లో గానీ మిగిలిన ముక్కలు అడిగి చూడండి. మామూలు ప్యాకింగ్ టేపు మొరం మీద ఒక పూట కూడా నిలవదు.

అంటించే పద్ధతిలోనే ఫలితమంతా ఉంది. బ్యాటరీ తీసేసి, అడుగుభాగాన్ని బ్రష్‌తో దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. ఫిల్మ్ కింద ఒక్క ఇసుక రేణువు మిగిలినా అది అక్కడే ఉండి ప్లేటును లోపలి నుంచి గీస్తుంది. తర్వాత అడుగున తెల్లకాగితం పరిచి, పెన్సిలును అడ్డంగా పట్టి రుద్దితే ప్రతి రంధ్రమూ స్క్రూ తలా కాగితం మీద తేలుతాయి. ఆ కాగితాన్ని బట్టి ఫిల్మ్ కత్తిరించండి. డిఫరెన్షియల్, మోటారు స్క్రూల వంటి తరచుగా విప్పేవాటి చోట మాత్రమే రంధ్రం చేసి, మిగతా తలలను ఫిల్మ్‌తో కప్పేయండి. మోటారు కింద గాలి ఆడే ఖాళీలను మూయకండి, మూస్తే పైనుంచి పడే ఇసుక అందులోనే పేరుకుంటుంది. ఫిల్మ్ ఊడటం ముందు అంచు నుంచే మొదలవుతుంది కనుక, ఆ అంచును చాసిస్ ముందుభాగం మీదికి మడిచి అంటించాలి. రెండు ముక్కలు వాడితే గూనపెంకలు కప్పినట్టుగా వెనుక వైపు ముక్కను మొదట అంటించి, దాని మీదికి ముందు వైపు ముక్క అంచు వచ్చేలా చూడండి. అప్పుడు రాళ్లు తగిలినా అతుకు లేవదు.

మరొక విషయం అందరూ వదిలేస్తారు. వేసవిలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఆ వేడికి షాక్ అబ్జార్బర్లలోని సిలికాన్ ఆయిల్ పలుచబడుతుంది. దాంతో కారు ఎగిరి దిగిన ప్రతిసారీ అడుగు నేలకు కొట్టుకుంటుంది. చలికాలంలో 350 సెంటీస్టోక్ (ఆయిల్ చిక్కదనాన్ని కొలిచే ప్రమాణం) ఆయిల్ వాడేవారు మే నెలలో 400 లేదా 450కి మారితే ఫిల్మ్ కంటే ఎక్కువ మేలు జరుగుతుంది. మార్చాక కారును జానెడు ఎత్తు నుంచి బల్ల మీదికి వదిలి చూడండి. అడుగు టప్పున తగిలితే ఆయిల్ ఇంకా పలుచనగానే ఉన్నట్టు.

ప్రశ్న (కరీంనగర్ నుంచి): నాది కార్బన్ ఫైబర్ చాసిస్ గల టూరింగ్ కారు (చదును రోడ్డు మీద నడిపే రకం). సీసీ రోడ్డు మీద నడుపుతాను. అంచులు పొరలు పొరలుగా లేస్తున్నాయి. ఫిల్మ్ అంటిస్తే ఆగుతుందా?

జవాబు: ఆగదు. కార్బన్ ఫైబర్ ప్లేటు ఎపాక్సీతో అతికించిన పొరల కట్ట. కోసిన అంచు తెరిచి ఉంటే దెబ్బలకు అక్కడే పొరలు విడిపోతాయి. అంచును సన్నని వాటర్ పేపర్‌తో, తప్పకుండా తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే లేచే ధూళి చర్మానికీ ఊపిరితిత్తులకూ హాని చేస్తుంది, కాబట్టి మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఆరిన తర్వాత దూదిపుల్లతో పలుచని సూపర్ గ్లూను అంచు పొడవునా పట్టించండి. అది పొరల సందుల్లోకి ఇంకి బిగుస్తుంది. ఇప్పటికే వేలి గోరు దూరేంతగా పొరలు విడిపోయి ఉంటే ప్లేటు మార్చడమే మేలు. టూరింగ్ కార్లకు నేల నుంచి ఎత్తు సుమారు 5 మిల్లీమీటర్లే ఉంటుంది, మన సీసీ రోడ్ల అతుకులకు అది చాలదు. వీలైతే ఒకటి రెండు మిల్లీమీటర్లు పెంచండి.

ప్రశ్న (మంచిర్యాల నుంచి): పాత ఫిల్మ్ తీశాక జిగురు మిగిలిపోయింది. థిన్నర్‌తో తుడవవచ్చా?

జవాబు: ప్లాస్టిక్ చాసిస్ మీద గానీ, పాలీకార్బొనేట్ బాడీ మీద గానీ థిన్నర్, పెట్రోలు తగలనివ్వకండి, పగుళ్లు వస్తాయి. హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి జిగురును వేలితో ఉండలుగా దొర్లించి తీయండి. మిగిలిన దానికి కాస్త కొబ్బరినూనె రాసి నాననిచ్చి తుడిచేయండి. ఆ తర్వాత కొంచెం సబ్బునీటిలో ముంచి పిండిన గుడ్డతో జిడ్డంతా పోయేలా తుడిచి, బాగా ఆరాకే కొత్త ఫిల్మ్ అంటించండి.