చరిత్రలో తొలి అడుగు వేసిన మహిళలను నిజంగా గౌరవించడం అంటే ఏమిటి?

ముందు వాళ్ళ పేరుకి "తొలి మహిళ" అని తగిలించి వదిలెయ్యడం మానాలి. నేను విశాఖ దగ్గర కరెంటు సంస్థలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీర్‌గా) చేశాను, కాబట్టి నాకు బాగా తెలిసిన ఒక్కావిడ గురించే చెప్తాను. అయ్యలసోమయాజుల లలిత గారు.

గ్రూప్స్‌కి చదివేవాళ్ళకి ఆవిడ ఒక బిట్ ప్రశ్న. దేశంలో తొలి మహిళా ఇంజినీర్ల పేర్లలో ఒకటి, ఒక మార్కు, అంతే. ఆ ఒక్క మార్కు వెనక ఏముందో ఏ గైడ్‌లోనూ ఉండదు. 1919లో మద్రాసులో తెలుగు ఇంట్లో పుట్టారు. పదిహేనేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకి భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. డాక్టరు చదువు చదవొచ్చు, అప్పటికే ఆడపిల్లలు చదువుతున్నారు కూడా, కానీ అర్ధరాత్రి పిలుపొస్తే పిల్లని వదిలి పరిగెత్తాలి కదా అని ఇంజినీరింగ్ ఎంచుకున్నారు. నాన్నగారు పప్పు సుబ్బారావు మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసర్, ఆయనే ప్రిన్సిపాల్ చాకో గారితో మాట్లాడి సీటు ఇప్పించారు. 1943లో పట్టా ఇచ్చేటప్పుడు దాని మీద అచ్చులో ఉన్న "హీ" కొట్టేసి "షీ" అని రాయాల్సి వచ్చింది.

ఆవిడ అర్ధరాత్రి పిలుపుకి భయపడి మా దారిలోకి వచ్చారని చదివినప్పుడు నాకు 2014 అక్టోబర్ గుర్తొచ్చింది.

హుద్‌హుద్ తుఫాను 12వ తేదీ ఆదివారం విశాఖని తాకింది. నా పాపకి అప్పుడు పదకొండు నెలలు. గాలి కాస్త తగ్గగానే మా అన్నయ్య, వదిన వచ్చి పాపని తీసుకెళ్ళారు, నేను సబ్‌స్టేషన్‌కి వెళ్ళిపోయాను. స్తంభాలు వరసగా పడుకుని ఉన్నాయి, 33 కేవీ లైను చెట్ల మీద వేలాడుతోంది, సెల్‌ఫోన్లు పనిచెయ్యవు, పాప ఎలా ఉందో తెలుసుకునే దారి లేదు. బయటి జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్‌కి ఏ ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి బయటికి పోయే లైను) ఎటు పోతుందో చూపించాలి, ఎల్‌సీ, అంటే లైన్లో కరెంటు ఆపారన్న లైన్ క్లియర్, తీసుకున్నాకే స్తంభం ఎక్కనివ్వాలి. మూడో రోజుకి రొమ్ముల్లో పాలు గడ్డకట్టి నాకు జ్వరం వచ్చేసింది. ఆ నొప్పి కంటే నన్ను ఎక్కువ ఏడిపించింది ఇంకొకటి. మా సబ్‌స్టేషన్లో ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు. ఎదురింట్లో ఉండే ఒక పెద్దావిడ, వాళ్ళ ఇంటి రేకులు కూడా ఎగిరిపోయాయి పాపం, "ఎన్నిసార్లైనా రా అమ్మా" అని తలుపు తీసి పెట్టేది. ఉన్న రెండు బిందెల నీళ్ళలోంచి నాకు ఒక చెంబు ఇచ్చేది. నీళ్ళు అడగాలంటే సిగ్గేసి నేను రోజంతా మంచినీళ్ళు తాగడం మానేశాను.

తర్వాతి మార్చిలో మా ఆఫీసులో మహిళా దినోత్సవం చేశారు. తెర మీద పదిమంది ఫోటోలు, అందులో లలిత గారిది ఒక ఐదు సెకన్లు. తర్వాత ముగ్గుల పోటీ, మ్యూజికల్ చైర్స్, తలా ఒక స్టీలు డబ్బా. బాత్రూమ్ గురించి లేచి అడిగితే "ఈ రోజు అవన్నీ ఎందుకు మేడం" అన్నారు. ఈ రోజు కాకపోతే ఏ రోజు? ముగ్గులంటే నాకూ ఇష్టమే, సంక్రాంతికి మా వాకిట్లో నేనే వేస్తాను, కానీ ఇంజినీర్లని పిలిచి ముగ్గులు వెయ్యమనడం ఎలా గౌరవమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

గౌరవించాలంటే రెండు పనులు చాలు. ఒకటి, ఆవిడ పని గురించి చెప్పండి. కలకత్తాలో ఒక పెద్ద కంపెనీలో ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ల లేఅవుట్లు డిజైన్ చేశారు, భాక్రా నంగల్ పనిలో ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజినీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకి సొంతంగా వెళ్ళారు. మా పిల్లలకి చెప్పాల్సింది ఇది.

రెండు, వెనక ఉన్నవాళ్ళని చెప్పండి. లలిత గారు సిమ్లాలో, కలకత్తాలో అన్నదమ్ముల ఇళ్ళల్లో ఉంటూనే ఉద్యోగం చేశారు. ఆ ఇళ్ళల్లో పాపని ఎవరో ఒకరు ఎత్తుకున్నారు, అన్నం పెట్టారు, స్కూలుకి తయారు చేశారు. వాళ్ళ ఫోటో ఏ తెర మీదా రాదు. మా వదిన ఆ ఐదు రోజులు పాపని గుండెలకి కట్టుకుని తిరగకపోతే నేను అక్కడ ఒక్క పూట కూడా నిలబడేదాన్ని కాదు.

తర్వాత నేను వేరే డివిజన్‌కి మారాను. పోయిన ఏడాది ఆ సబ్‌స్టేషన్‌కి కొత్తగా ఒక అమ్మాయి ఏఈగా వచ్చింది. చార్జ్ తీసుకున్న రోజే నా నంబరు కనుక్కుని ఫోన్ చేసింది, అడగడానికి మొహమాటపడి చివరికి అడిగింది. ఎదురింటి పెద్దావిడ గురించి చెప్పాను. ఆవిడ ఇంకా ఉన్నారట, మొదటి రోజే తలుపు తీసి పెట్టారట.