జీఆర్‌ఈ పదాలు: అర్థం తెలిసినా ఖాళీ ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: బీటెక్ మూడో ఏడాది చదువుతున్నాను. ఎంఎస్ కోసం జీఆర్‌ఈ రాయాలని రెండు నెలల్లో వెయ్యి పదాలు తెలుగు అర్థాలతో బట్టీ పట్టాను. అయినా మాక్ టెస్టులో వెర్బల్ (ఇంగ్లిష్ భాషా విభాగం) స్కోరు 146 దాటడం లేదు. ఇంకా పెద్ద లిస్టు చదవాలా?

జవాబు: వద్దు. ముందు ఉన్న వెయ్యినీ సరిచేసుకోండి. విడి పదమిచ్చి వ్యతిరేకార్థం అడిగే ప్రశ్నలను జీఆర్‌ఈలో 2011లోనే తీసేశారు. ఇప్పుడు పదం వాక్యంలోనే, ఎక్కువగా ఖాళీ నింపే ప్రశ్నగా వస్తుంది. ఒక పదానికి ఒకే తెలుగు అర్థం రాసుకున్న నోట్సు అక్కడే దెబ్బతీస్తుంది.

ఎక్కువగా ముంచేవి కొత్త పదాలు కావు, మనం రోజూ తెలుగులో వాడే ఇంగ్లిష్ మాటలే. టెంపర్ అనగానే మనకు కోపం గుర్తొస్తుంది. పరీక్షలో అది క్రియగా వచ్చి ‘తీవ్రత తగ్గించడం’ అవుతుంది. క్వాలిఫై అంటే అర్హత సాధించడమే కాదు, అన్న మాటకు పరిమితి పెట్టడం కూడా. శాంక్షన్ అంటే లోన్ మంజూరూ అవుతుంది, ఆంక్షా అవుతుంది. పెడెస్ట్రియన్ విశేషణంగా వస్తే ‘చప్పగా ఉన్నది’ అని. ఇలాంటివాటికి వేరే పేజీ పెట్టండి. రూపం చూసి ఊహిస్తే తప్పే పదాలనూ అందులోనే చేర్చండి: ఎనర్వేట్‌లో ఎనర్జీ వినిపిస్తుంది కానీ అర్థం నీరసపరచడం. లాటిన్ మూలంలో అది నరం తీసేయడం. అలా గుర్తుపెట్టుకుంటే మరిచిపోరు.

రోజుకు 15 పదాలు చాలు. కార్డు ముందువైపు ఖాళీ ఉన్న వాక్యం రాయండి. వెనక పదం, తెలుగు అర్థం, అది మెచ్చుకోలా తెగడ్తా అన్న గుర్తు. మర్నాడు, మూడో రోజు, వారానికి, మళ్లీ రెండు వారాలకు తిప్పండి. తప్పిన కార్డు మొదటికి వెళ్లాలి. కార్డులు మీరే రాసుకోండి. వాక్యం వెతికే శ్రమలోనే సగం నేర్పు ఉంది.

ప్రశ్న ముందుకు రాగానే ఆప్షన్లు చెయ్యి అడ్డుపెట్టి మూసేయండి. ఖాళీలో మీకు తోచిన మాట తెలుగులోనే అనుకుని, తర్వాత దానికి దగ్గరి పదం వెతకండి. ‘అయినప్పటికీ’, ‘కాబట్టి’ లాంటి కలిపే మాటలు వాక్యం ఎటు తిరుగుతుందో చెబుతాయి. ఒకే ఖాళీకి ఆరు ఆప్షన్లలో రెండు ఎంచే సెంటెన్స్ ఈక్వివలెన్స్ ప్రశ్నల్లో పర్యాయపదాల జత కనిపించిందని టిక్ పెట్టేయకండి, వాక్యానికి అతకని జతను కావాలనే ఇస్తారు. ఒకటి సరిపోయి రెండోది తప్పితే మార్కేమీ రాదు. నెగెటివ్ మార్కులు లేవు కనుక ఏదీ వదలొద్దు.

2023 సెప్టెంబరు నుంచి వెర్బల్‌లో 27 ప్రశ్నలు, 41 నిమిషాలు. దాదాపు సగం ప్యాసేజీలవే. కాబట్టి పదాలకు రోజూ 40 నిమిషాలు దాటనివ్వకుండా, అంతే సమయం ఇంగ్లిష్ సంపాదకీయాలో సైన్స్ వ్యాసాలో చదవడానికి పెట్టండి. జీఆర్‌ఈ నిర్వహించే ఈటీఎస్ సంస్థ ఉచితంగా ఇచ్చే రెండు పవర్‌ప్రెప్ నమూనా టెస్టుల్లో ఒకటి ఇప్పుడు రాయండి. తప్పిన ప్రతి ప్రశ్న పక్కన పదం తెలియలేదా, వాక్యం అర్థం కాలేదా అని రాసుకోండి. రెండోదే ఎక్కువైతే కార్డులు రోజుకు ఎనిమిదికి తగ్గించి, చదవడం పెంచండి. రెండో టెస్టు పరీక్షకు పది రోజుల ముందుకు దాచుకోండి.