సూదీ దారం: టార్టన్ మాస్కుల మీద మీ ప్రశ్నలు

కరోనా కాలం, 2020. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా టార్టన్ (స్కాట్లాండ్ గళ్ల బట్ట) మాస్కుల గురించే. నేనుండేది ఎడిన్‌బరాలో, కిల్టులు (ఇక్కడి మగవాళ్లు కట్టే గళ్ల లంగా లాంటివి) అద్దెకిచ్చే షాపులో కుట్టు పని. మార్చిలో లాక్‌డౌన్ రాగానే పెళ్లిళ్లన్నీ వాయిదా పడ్డాయి, కిల్టులు హ్యాంగర్లకే వేలాడుతూ ఉండిపోయాయి. 80 శాతం జీతంతో ఫర్లో (పని లేని సెలవు) అని ఇంట్లో కూర్చోబెడితే, సంచిలో మిగిలిన గళ్ల ముక్కలతో మాస్కులు మొదలుపెట్టాను. మొదటి ఇరవైలో పదహారు చెత్తబుట్టకే పోయాయి. కింద చెప్పేవన్నీ అలా చెడగొట్టి నేర్చుకున్నవే.

ప్రశ్న: ఛారిటీ షాపులో 3 పౌండ్లకు ఊలు టార్టన్ స్కార్ఫ్ దొరికితే కోసి నాలుగు మాస్కులు కుట్టాను. అందరూ మెచ్చుకున్నారు. 60 డిగ్రీల్లో ఉతకమన్నారు కదా అని మెషీన్లో వేశాను. బయటికి తీస్తే మా పాప బొమ్మకి సరిపోయేటట్టు అయ్యాయి! ఎక్కడ పొరపాటు జరిగింది అక్కా? (ఒక పాఠకురాలు, డండీ)

చదివి నవ్వుకున్నానమ్మా, ఏమీ అనుకోకు. నాకూ అదే జరిగింది కాబట్టి నవ్వే హక్కు కాస్త ఉంది.

60 డిగ్రీల మాట సరైనదే, ఊలుకే అది పడదు. ఊలు పోగు మీద చేప పొలుసుల్లాంటివి సన్నగా ఉంటాయి. వేడినీళ్లు, సబ్బు, మెషీన్ కుదుపు మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టేసుకుంటాయి. పట్టుకున్నాక విడదీయడం ఎవరి తరమూ కాదు. పోనీ చల్లటి నీళ్లలో చేత్తో ఉతుకుదామా అంటే, రోజూ నోటికి కట్టుకునేదానికి ఆ ఉతుకు చాలదు.

నేను మొదట కుట్టింది కిల్ట్ బట్టతోనే, గజానికి 13 ఔన్సులు తూగేది. అద్దంలో చూసుకుంటే భలే దర్జాగా ఉంది. కట్టుకుని లీత్ వాక్ అనే వీధిలో పది నిమిషాలు నడిచేసరికి ఊపిరికి లోపలంతా చెమ్మెక్కి, వానలో తడిసిన గొర్రె పక్కన నిలబడ్డట్టు వాసన. గడ్డం కింద దురద. దురద పెడితే చెయ్యి మాస్కు మీదకే పోతుంది, ఇక దాన్ని కట్టుకుని ఏం లాభం?

కాబట్టి ఊలు వదిలెయ్. గళ్లు కావాలంటే బ్రష్డ్ కాటన్ టార్టన్ దొరుకుతుంది, లేదా చవక కిల్టులకు వాడే పాలీవిస్కోస్ (పాలిస్టర్, విస్కోస్ కలిపిన బట్ట). రెండూ మెషీన్‌కి తట్టుకుంటాయి, అయినా పాలీవిస్కోస్‌ని 60లో వేసేముందు లేబుల్ చూడు. లోపలికి నేత బిగువుగా ఉన్న తెల్ల కాటన్ వెయ్యి, పాత దిండు గలీబు అయితే ఇంకా మంచిది. కనీసం రెండు పొరలు, వీలైతే మూడు అని 2020లో స్కాటిష్ ప్రభుత్వం చెప్పింది. జూన్‌లో (అదే ఏడాది) ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మూడు పొరలే అంది: లోపల తడి పీల్చే కాటన్, మధ్యలో నేత లేని పాలీప్రొపిలీన్, పైన నీటిని నిలవనివ్వని పాలిస్టర్ కలిసిన బట్ట. మనం ముచ్చటపడేది పై పొర చూసి. అసలు చాకిరీ అంతా లోపలి పొరలది.

రెండు బట్టలూ కోయకముందే ఒకసారి వేడిగా ఉతికి ఆరబెట్టు. కాటన్ కూడా కొంత కుంచించుకుపోతుంది, టార్టనూ లైనింగూ చెరో కొలతలో కుంచించుకుపోతే మాస్కు అప్పడంలా వంకర తిరుగుతుంది. కిటికీకి ఎదురుగా పట్టి చూడు, అవతలి ఫ్రేము అంచు స్పష్టంగా కనిపిస్తే ఆ నేత పలుచన.

కుంచించుకుపోయిన ఆ నాలుగూ పారెయ్యకు. అలా గట్టిపడ్డ ఊలు ఎక్కడ కోసినా పోగు ఊడదు. గుండుసూదులు గుచ్చుకునే చిన్న దిండు చేసుకో. నా మెషీన్ పక్కన ఇప్పుడున్నది అదే.

ప్రశ్న: అక్కా, నేను గ్లాస్గోలో ఎమ్మెస్ చదువుతున్నాను. సబ్‌వేలో (భూగర్భ రైల్లో) వెళ్లడానికి ఒక ఎర్ర గళ్ల మాస్కు కొన్నాను. మా ఫ్లాట్‌మేట్ చూసి "అది స్కాటిష్ వంశాల వాళ్లది, నువ్వు పెట్టుకుంటే బాగుండదు" అన్నాడు. నిజమా? (ఒక విద్యార్థి)

నిశ్చింతగా పెట్టుకో తమ్ముడూ. ఎర్ర గళ్లంటే బహుశా రాయల్ స్టూవర్ట్ అయ్యుంటుంది. పద్ధతి ప్రకారం అది సింహాసనం మీదున్నవాళ్ల టార్టన్. షార్ట్‌బ్రెడ్ బిస్కెట్ డబ్బా మీద ఉండేదీ అదే, ఎవరూ ఏమీ అనరు. ఫలానా ఇంటిపేరు ఉన్నవాళ్లే ఫలానా గళ్లు కట్టుకోవాలన్న చట్టమేదీ లేదు. రాజకుటుంబం తమకోసం ఉంచుకున్న బాల్మోరల్ లాంటివి కొన్ని ఉన్నాయి కానీ, అవి నీకు అంగడి మాస్కుల్లో తగలవు. ఈ దేశంలో టార్టన్లకు ప్రభుత్వ రిజిస్టరే ఉంది, 2009 నుంచి. కొత్త గళ్లు అల్లి నీ పేరునా నమోదు చేయించుకోవచ్చు.

ఈ గళ్లకు అడ్డు చెప్పిన చట్టం ఒకప్పుడు ఉండేది. హైలాండ్ (ఉత్తర స్కాట్లాండ్ కొండ ప్రాంతం) తిరుగుబాటును అణిచాక 1746లో చట్టం చేసి, సైన్యంలో ఉన్నవాళ్లు తప్ప మగవాళ్లెవరూ హైలాండ్ దుస్తులు వెయ్యకూడదన్నారు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్లు సముద్రం దాటించి పంపడం. 1782లో ఎత్తేశారు. అప్పుడు టార్టన్ కట్టుకుంటే జైలు, 2020లో సబ్‌వేలో ఏదో ఒకటి కట్టుకోకపోతే 60 పౌండ్ల జరిమానా పడేది! (28 రోజుల్లో కడితే 30.) అప్పటి స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ (ప్రభుత్వాధినేత) నికోలా స్టర్జన్ టార్టన్ మాస్కుతో కనిపించినప్పటి నుంచీ మా షాపుకి ఫోన్ చేసేవాళ్లు కిల్ట్ కొలతలు అడగడం మానేసి మాస్కులున్నాయా అని అడుగుతున్నారు. మీ ఫ్లాట్‌మేట్‌కి కూడా ఒకటి కొనిపెట్టు, సర్దుకుంటాడు.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. బస్సులో మాస్కు కట్టాలా? (స్టెర్లింగ్)

అక్కర్లేదు. స్కాట్లాండ్‌లో 2020 నిబంధనల ప్రకారం ఐదేళ్లలోపు పిల్లలకు మినహాయింపు ఉండేది. వాడి టెడ్డీకి కట్టండి, చాలు.

ప్రశ్న: నేను టైలరింగ్ నేర్చుకున్నదాన్నే. రెండు ముక్కలు కలిపి ముక్కు మీద కుట్టు వచ్చే మాస్కు కుడుతుంటే గళ్లు మెట్లు మెట్లుగా వస్తున్నాయి. ఒక పక్క గీత పైన, ఇంకో పక్క గీత కింద. రెండుసార్లు విప్పాను. (ఇన్వర్నెస్)

రెండుసార్లతో వదిలేశారంటే మీది నాకంటే ఓర్పు తక్కువ ప్రాణం.

టార్టన్‌లో పడుగులో (నిలువు పోగుల్లో) ఏ రంగుల వరుస ఏ లెక్కలో ఉందో, పేకలోనూ (అడ్డ పోగుల్లో) అదే లెక్క. ఆ వరుసని ఇక్కడ సెట్ అంటారు. చాలా సెట్లు ఒక చోటిదాకా వెళ్లి, అద్దంలో చూసినట్టు వెనక్కి తిరుగుతాయి. ఆ తిరిగే చోటు వెతకండి. వెడల్పాటి పట్టీ మధ్యలోనో, ఒంటరి పసుపు గీత మీదో ఉంటుంది. మీ ముక్కు కుట్టు సరిగ్గా దాని మీద పడితే కుడీ ఎడమా కవలల్లా వస్తాయి.

చాలామంది గళ్లని కత్తిరించిన అంచు దగ్గర కలుపుతారు. అక్కడ కలిస్తే ఏం లాభం, అది లోపలికి పోయే బట్ట! కుట్టు పడేది పావు అంగుళం ఇవతల. అందుకే సుద్దతో కుట్టు గీత గీసుకుని, గీత దగ్గర రంగు రంగుకి కలపండి. రెండు ముక్కలూ ఒక్కసారే మడిచి కోయకండి, కింది పొర జరుగుతుంది. ఒకటి కోసి, దాన్ని బోర్లించి బట్ట మీద గీతకు గీత పెట్టి రెండోది కోయండి. ఒక్కో అడ్డగీతకు ఒక్కో గుండుసూది, ఆపైన కచ్చా కుట్టు. నేరుగా మెషీన్ కింద పెడితే, బట్టని నొక్కిపట్టే మెషీన్ పాదం పై పొరని తోసేస్తుంది.

ఇంత చేసినా కుట్టు వంపు తిరిగే చోట నిలువు గీతలు కొంచెం కుట్టులోకి పోతాయి. దానికి మందు లేదు. కిల్ట్ బట్టల్లో ఒక సెట్ ఐదారు అంగుళాలు కూడా ఉంటుంది, సగం మాస్కులో ఒకటి పట్టడమే గగనం. గళ్లు చిన్నవి ఎంచుకోండి.

నన్నడిగితే ఆ నమూనానే వదిలి కుచ్చిళ్ల మాస్కు కుట్టండి. 10 అంగుళాలకు 6 అంగుళాల ముక్క, మధ్యలో కుట్టే ఉండదు. కుచ్చిళ్లలో గళ్లు చెదిరిపోవా అంటారేమో. కిల్ట్ చూడండి. ఎనిమిది గజాల బట్ట, మన చీర కంటే రెండు గజాలు ఎక్కువ. వెనకంతా మడతలే, అయినా దూరం నుంచి చూస్తే మడత పడని బట్టలా గళ్లు వరసగా ఉంటాయి. ఒక్కో మడతలో సరిగ్గా ఒక సెట్ దాచేస్తారు, అంతే కిటుకు. మీ బట్టలో సెట్ ఒక అంగుళమైతే, అర అంగుళం లోతు మడత పెట్టండి. పైనా కిందా కలిసి అంగుళం లోపలికి పోతుంది, తర్వాతి గీత సరిగ్గా తన చోటికి వచ్చి కూర్చుంటుంది. మొదటిసారి అది కుదిరిన రోజు మా ఆయన్ని నిద్రలేపి మరీ చూపించాను. "గళ్లున్నాయి" అన్నాడు.

ప్రశ్న: అమ్మాయ్, ఫిబ్రవరిలో మా అబ్బాయిని చూడ్డానికి అబర్డీన్ వచ్చి ఇక్కడే ఇరుక్కున్నాను. కోడలు గళ్ల మాస్కు కొనిచ్చింది. లుంగీ ముక్క మొహానికి కట్టుకున్నట్టుంది, అది వేరే సంగతి. కళ్లజోడు మసకేస్తోంది. చెవి మిషన్ ఎలాస్టిక్‌కి తగులుకుని రెండుసార్లు కింద పడింది. ఏం చెయ్యమంటావు?

బాబాయ్ గారూ, చెవులకి ఇప్పటికే కళ్లజోడు, మిషన్ రెండు బరువులున్నాయి, మూడోది పెట్టకండి. ఎలాస్టిక్ తీయించి నాడాలు కుట్టించండి. ఒక జత నడినెత్తి మీదుగా, ఒక జత మెడ వెనక. మసక వేసేది మాస్కు పై అంచులోంచి ఊపిరి పైకి తన్నడం వల్ల. ఆ అంచు మడతలో సన్నటి తీగ పెట్టి ముక్కుకి నొక్కితే తగ్గుతుంది. కాఫీ పొడి ప్యాకెట్ల మూతికి వచ్చే తీగ చాలు, రెండు కొసలూ మడిచి పెట్టమనండి, లేకపోతే పొడుచుకొస్తుంది. కళ్లజోడు మాస్కు అంచు మీదకి వచ్చేలా పెట్టుకోండి.

లుంగీ పోలిక మాత్రం ఇక్కడి వాళ్ల దగ్గర అనకండి. నా దగ్గర నీలం, ఆకుపచ్చ కలిసిన బ్లాక్ వాచ్ అనే గళ్ల కాటన్ ముక్క ఒకటుంది, అంత లుంగీలా ఉండదు. మీ ముక్కు మీది నుంచి గడ్డం కిందిదాకా టేపుతో కొలిచి రాయించండి. నాడాలు పొడుగ్గానే పెడతాను.