యాప్‌లో అన్నీ చౌకే, మరి డబ్బులెక్కడ?

ప్రశ్న: మాది విజయవాడ అజిత్‌సింగ్ నగర్. మావారు ఆటోనగర్‌లో పని చేస్తారు, నేను ఇంట్లో బట్టలు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 46 వేలు. ఇదివరకు ఒకటో తారీఖున వీధి చివర కిరాణా కొట్లో సరుకులు తెచ్చుకునేవాళ్లం, 9,500 అయ్యేది. కొంతకాలంగా పది నిమిషాల్లో తెచ్చే యాప్‌లో కొంటున్నాను. ఏ వస్తువు చూసినా రెండు మూడు రూపాయలు తక్కువే. అయినా నెలాఖరుకి చేతిలో ఏమీ ఉండట్లేదు. 2024 బుడమేరు వరదలో ఆ కొట్టాయన సరుకు సగం నీళ్లపాలైంది. అయినా తర్వాత రెండు నెలలు మాకు 14 వేల దాకా అరువిచ్చారు. ఇప్పుడు ఆయన ముఖం చూడలేక పక్క సందులోంచి వెళ్తున్నాను. ఎక్కడ కొనడం మంచిది? మిక్సీ కూడా కొనాలి, ఆన్‌లైన్‌లో 800 తక్కువ చూపిస్తోంది.

జవాబు: మీరు పంపిన మూడు నెలల ఆర్డర్లు మొదటి నుంచి చివరిదాకా చూశాను. మొత్తం 64 ఆర్డర్లు, 38,700 రూపాయలు. అంటే నెలకు 12,900. కొట్లో కొన్నప్పటికంటే 3,400 ఎక్కువ.

యాప్‌లో ధరలు తక్కువన్న మాట నిజమే. మీ పాత సరుకుల చీటీలో ఉన్నవే తీసుకుని లెక్క కడితే నెలకు 380 రూపాయల దాకా తగ్గుతోంది. అయితే హ్యాండ్లింగ్ అనీ, డెలివరీ అనీ, చిన్న ఆర్డరనీ మూడు నెలల్లో 1,150 కట్టారు. నెలకు మళ్లీ అదే 380. ఇటు తగ్గింది అటు పోయింది. కాబట్టి ఆ 3,400 మొత్తం చీటీలో లేని వస్తువులకే ఖర్చయింది.

ఒక ఆర్డర్ చెబుతాను చూడండి. రాత్రి తొమ్మిదిన్నర దాటాక పెరుగు ప్యాకెట్ కోసం యాప్ తెరిచారు. పెరుగు 35 రూపాయలు. 199 దాటితే డెలివరీ ఉచితం అని పైన గీత కనిపించింది. ఒక ఐస్‌క్రీమ్ డబ్బా, రెండు చిప్స్ ప్యాకెట్లు వేశారు. బిల్లు 236. ఆ పూట డెలివరీ ఛార్జీ కట్టేసి పెరుగొక్కటే తెప్పించుకున్నా మీకు నూట యాభై మిగిలేది. ఇలాంటివి నెలకు పది పన్నెండు ఉన్నాయి. ఇందులో మిమ్మల్ని తప్పుపట్టడానికేం లేదు, ఆ గీత పెట్టిందే అందుకు. మీరు అడగని వస్తువు బుట్టలో చేరినా, చివరి స్క్రీన్‌లో కొత్త ఛార్జీ పుట్టుకొచ్చినా మాత్రం అది వేరే సంగతి. ఇలాంటి 13 రకాల మాయలు చేయకూడదని 2023 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలిచ్చింది. ఫిర్యాదుకు 1915కి ఫోన్ చేయొచ్చు.

ఇక కొట్టాయన సంగతి. మీరు దాన్ని మొహమాటంగా చూస్తున్నారు, నేను దానికి కూడా లెక్క కడతాను. వరద తర్వాత ఆ 14 వేలు క్రెడిట్ కార్డు మీద వాడి రెండు నెలలు కట్టలేకపోయి ఉంటే? నెలకు మూడున్నర శాతం చొప్పున వడ్డీ 980, దాని మీద జీఎస్టీ కలిపితే 1,150 దాటేది. ఆలస్య రుసుము వేరే. కొట్టాయన పైసా అడగలేదు. జీతం స్లిప్పు, సిబిల్ స్కోరు కూడా అడగలేదు. ఆయన దగ్గరున్నది మీ ఇంటి పేరుతో ఒక పేజీ, మీరు ఎన్నేళ్లుగా సక్రమంగా కడుతున్నారో ఆయనకున్న జ్ఞాపకం, అంతే. ఆ పేజీ వాడకంలో లేకపోతే ఇంకోసారి ఆపద వచ్చినప్పుడు పనికిరాదు. ఆయనైనా గొల్లపూడి హోల్‌సేల్‌లో సరుకు తెచ్చి వారానికింత అని కట్టుకునేవారే కదా. వీధిలో ఇరవై ఇళ్లు యాప్‌కి మళ్లితే, అరువు మీద బతికే మిగతా ఇళ్లకు ఆయన ముందు అరువు ఆపుతారు, తర్వాత కుర్రాణ్ణి మాన్పిస్తారు. స్మార్ట్‌ఫోన్ లేని పెద్దవాళ్లు పావుకిలో పంచదార కోసం బజారు దాకా నడవాల్సి వస్తుంది. ఈ ఖర్చు మీ బిల్లులో కనిపించదు, కానీ మీ వీధిలో ఎవరో ఒకరు కడతారు.

అలాగని జాలితో కొనమని చెప్పను. జాలితో కొంటే రెండో నెలకే మానేస్తారు. లెక్కప్రకారం కొనండి. ఒకటో తారీఖున చీటీ రాసి వాట్సాప్‌లో ఫొటో పంపండి, నగదు ధర ఎంతో అడగండి. కొన్ని కొట్లలో అరువు ధరకూ నగదు ధరకూ తేడా ఉంటుంది, అడగనిదే చెప్పరు. ఒంటి సబ్బులు, షాంపూ, టూత్‌పేస్ట్ మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతం నుంచి 5కి దిగింది, పాత ధర ప్యాకెట్ అంటగడితే నిలదీయండి. నూనె ప్యాకెట్ మీద గ్రాములు చదవండి. లీటరంటే సుమారు 910 గ్రాములు, అదే సైజులో 850, 800 గ్రాములవీ ఉంటాయి. ఈ మోసం కొట్లోనూ ఉంది, యాప్‌లోనూ ఉంది.

బియ్యం మాత్రం కళ్లు మూసుకుని కొట్లోనే. 2022 జులై నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగ్ బియ్యానికి 5 శాతం జీఎస్టీ ఉంది, అది దాటితే లేదు. మన దగ్గర 26 కిలోల బస్తాలు వచ్చింది అందుకే. యాప్‌లో ఎక్కువగా దొరికేవి ఐదు, పది కిలోల సంచులు. కూరగాయలకు రైతు బజార్ ఉండనే ఉంది.

యాప్ తీసేయక్కర్లేదు. జ్వరం వచ్చిన రోజు, అర్ధరాత్రి చుట్టాలు దిగిన రోజు అది చేసే మేలు కొట్టు చేయలేదు. కాకపోతే అందులో సేవ్ చేసిన కార్డు తీసేయండి, నోటిఫికేషన్లు ఆపేయండి. నెలకు 500 పెట్టుకోండి, అయిపోతే అయిపోయినట్టే. 3,400లో ఆ 500 పోను మిగిలే 2,900కి ఐదో తారీఖునే బ్యాంకు ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టండి. ఏడాదికి 34,800, పైన వడ్డీ. మీ ఇల్లు బుడమేరు పక్కనుంది కాబట్టి ఈ డబ్బు చీరలకూ పండగలకూ కాదు. కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు జమయ్యేదాకా దాన్ని కదపొద్దు. అప్పుడు అరువు అవసరమే తగ్గుతుంది, అడగాల్సి వచ్చినా తలెత్తుకుని అడుగుతారు.

మిక్సీకి ఈ సెంటిమెంటు అక్కర్లేదు. ముందు బీసెంట్ రోడ్డులో ఒకటి రెండు షాపులకు వెళ్లి అదే మోడల్ నంబరు చెప్పి, ఆన్‌లైన్ ధర ఫోన్లో చూపించండి. తేడా మూడు నాలుగు వందలకు దిగితే షాపులోనే తీసుకోండి, జార్ లీకైతే వెనక్కి పట్టుకెళ్లడానికి ఒక మనిషి ఉంటారు. దిగిరాకపోతే ఆన్‌లైన్‌లో కొనేయండి, బిల్లు దాచుకోండి, వారంటీకి అదే ఆధారం. నో కాస్ట్ ఈఎంఐ జోలికి మాత్రం వెళ్లొద్దు. పేరుకే వడ్డీ లేదు, చాలా బ్యాంకులు ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద జీఎస్టీ వసూలు చేస్తాయి. ఆర్డీ ఒకటి రెండు నెలలు ఆలస్యంగా మొదలుపెట్టి, ఆ డబ్బుతో నగదుకే కొనండి. అప్పటిదాకా పచ్చడి రోట్లో నూరుకోవచ్చు.